ఒక్క లైను మార్చడానికి మూడు నెలలు

2024 జూన్‌లో మా టీమ్‌లో కొత్తగా ఒక అబ్బాయి చేరాడు. గాజువాక నుంచి ఋషికొండకి రోజూ బస్సు మారి వచ్చేవాడు. మొదటి రోజు సాయంత్రం ఐదున్నరకి నా సీటు దగ్గరకొచ్చి, "అన్నా, పొద్దున్నుంచీ బిల్డ్ అవ్వట్లేదు. నా తప్పేనేమోనని ఇంతసేపూ చెప్పలేదు" అన్నాడు. వెళ్లి చూస్తే స్క్రీన్ మీద "అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 61" అని ఎర్ర అక్షరాలు.

తప్పు అతనిది కాదు. 61 అంటే మేం కోడ్ రాసే భాష జావాలో 17వ వెర్షన్. కొత్త ల్యాప్‌టాప్‌లో జావా 17 ఉంది. మా కోడ్‌ని బిల్డ్ చేసే, అంటే నడిచే సాఫ్ట్‌వేర్‌గా కట్టే టూల్ గ్రేడిల్. దాని వెర్షనేమో 6.3. జావా 17 మీద నడవడం గ్రేడిల్‌కి 7.3 నుంచే వచ్చింది. జావా 11 వేసి ఆ పూటకి పని అవ్వగొట్టాను. కానీ ఒక కుర్రాడు మొదటి రోజంతా తనకి పని రాదేమో అనుకుంటూ కూర్చున్నాడన్న సంగతి ఇంటికెళ్లాక కూడా మనసులోంచి పోలేదు. గ్రేడిల్‌ని కొత్త వెర్షన్‌కి మార్చే ఈ అప్‌గ్రేడ్‌ని రెండేళ్లుగా వాయిదా వేస్తున్న వాళ్లలో నేనూ ఉన్నాను. ఇక దీని సంగతి తేల్చాల్సిందే అనుకున్నాను.

మా ప్రాజెక్టు గురించి కొంచెం చెప్పాలి. రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలకి మేం సాఫ్ట్‌వేర్ చేస్తాం. చెరువు దగ్గర సరుకు కొన్నప్పటి నుంచి, కోల్డ్ స్టోరేజీ నిల్వలు, ప్యాకింగ్ లిస్టులు, పోర్టుకి వెళ్లే కంటైనర్ కాగితాల దాకా అన్నీ అందులోనే. మొత్తం 14 మాడ్యూళ్లు, అంటే విడివిడి భాగాలు. ఋషికొండలో రెండు టీమ్‌లు, హైదరాబాద్‌లో ఒకటి, కలిపి 23 మందిమి కోడంతా ఉండే ఒకే రిపోజిటరీలో పనిచేస్తాం. ఈ 14 మాడ్యూళ్లనీ, బయటి నుంచి రెడీమేడ్‌గా తెచ్చుకున్న కోడ్ అంటే లైబ్రరీలనీ ఒక వరుసలో కంపైల్ చేసి (మెషిన్ నడపగలిగే రూపంలోకి మార్చి), టెస్టులు నడిపి, చివరికి సర్వర్ మీద పెట్టే ఫైలుగా కట్టి ఇచ్చేది గ్రేడిల్. అది ఆగిపోతే 23 మంది పనీ ఆగిపోతుంది. అందుకే దాన్ని ముట్టుకోవాలంటే అందరికీ టెన్షన్.

ముందు ఎవరి దగ్గర ఏ వెర్షన్ ఉందో కనుక్కుందామని అందరినీ ఒక కమాండ్ కొట్టి ఫలితం పంపమన్నాను. నాలుగు రకాల వెర్షన్లు వచ్చాయి. వెర్షన్ అందరికీ ఒకటే ఉండాలనే కదా గ్రేడిల్‌లో రాపర్ పెట్టింది. ప్రాజెక్టులోనే ఒక చిన్న ప్రాపర్టీస్ ఫైల్ ఉంటుంది. అందులో ఫలానా వెర్షన్ ఫలానా చోటి నుంచి దించుకో అని ఒక లైను ఉంటుంది. మెషిన్‌లో విడిగా గ్రేడిల్ వేసుకోనక్కర్లేదు. గ్రేడిల్‌డబ్ల్యు స్క్రిప్టు నడిపితే అదే దించుకుని, హోమ్ ఫోల్డర్‌లో దాచుకుని, ఆ వెర్షన్‌తోనే బిల్డ్ చేస్తుంది.

మా దగ్గర రాపర్ ఉంది కానీ సగమే ఉంది. రిపోజిటరీలోకి ఏవి రాకూడదో చెప్పే గిట్‌ఇగ్నోర్ ఫైల్‌లో ఎప్పుడో ఎవరో జార్ ఫైళ్లేవీ (కంపైల్ అయిన జావా కోడ్‌ని కట్టి ఉంచేవి) ఎక్కించొద్దని రాశారు. దాంతో రాపర్‌కి ప్రాణంలాంటి ఆ చిన్న జార్ ఫైల్ కూడా రిపోజిటరీలోకి రాలేదు. రిపోజిటరీని కొత్తగా క్లోన్ (తన మెషిన్‌లోకి కాపీ) చేసుకున్న ప్రతి ఒక్కరికీ "రాపర్ మెయిన్ క్లాస్ దొరకలేదు" అని ఎర్రర్ వచ్చేది. వాళ్లేమో నెట్‌లో దొరికిన గ్రేడిల్‌ని సొంతంగా వేసుకుని ముందుకెళ్లిపోయేవారు. నాలుగు వెర్షన్లు పుట్టింది అక్కడి నుంచే. ఆ ఒక్క జార్‌కి మినహాయింపు రాసి ఎక్కించాం. విండోస్ మెషిన్‌లో సేవ్ అయిన గ్రేడిల్‌డబ్ల్యు స్క్రిప్టులో లైను చివర్లు మారిపోయి, బిల్డ్‌లని తనంతట తనే నడిపే, లినక్స్ మీదున్న జెంకిన్స్ సర్వర్‌లో "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అని ఆగిపోయేది. గిట్‌ఆట్రిబ్యూట్స్ అనే ఫైల్‌లో ఒక లైను రాస్తే ఆ గొడవా తీరింది. ఈ రెండూ అరపూట పని. ఇంతకాలం ఎవరూ ఎందుకు చేయలేదంటే, ఒకసారి తన మెషిన్‌లో బిల్డ్ అయిపోయాక ఆ బాధ ఎవరికీ గుర్తుండదు.

ఇక అసలు అప్‌గ్రేడ్. మొదట నేను చేసిన పద్ధతి తప్పు. విడిగా ఒక బ్రాంచ్ (కోడ్‌కి పక్కన ఇంకో ప్రతి) తీసుకుని, అందులో నేరుగా 8.8 పెట్టి, వచ్చిన ఎర్రర్‌ని వచ్చినట్టు సరిచేసుకుంటూ పోయాను. మూడు వారాలు పట్టింది. ఈలోగా మిగతా 22 మంది ఖాళీగా కూర్చోరు కదా. కొత్త లైబ్రరీలు చేర్చారు, హైదరాబాద్ టీమ్ ఏకంగా కొత్త మాడ్యూల్ పెట్టింది. నేను మెర్జ్ చేయబోయే (అందరి కోడ్‌లో కలపబోయే) రోజుకి 14 బిల్డ్ ఫైళ్లలో 11 కాన్‌ఫ్లిక్ట్‌లో, అంటే నా మార్పులూ వాళ్ల మార్పులూ ఢీకొని ఉన్నాయి. ఒకటి విప్పితే ఇంకొకటి. రాత్రి పదింటి దాకా కూర్చుని అన్నీ విప్పి బిల్డ్ చేస్తే టెస్టులు 40 దాకా పడిపోయాయి. ఏది ఏ మార్పు వల్ల పడిందో చెప్పే దారి లేదు. ఆ బ్రాంచ్‌ని వదిలేశాను.

మర్నాడు మా లీడ్ గారు టీ తాగుతూ ఒక ప్రశ్న అడిగారు. "నువ్వు చేసిన మార్పుల్లో పాత వెర్షన్‌లో కూడా పనిచేసేవి ఎన్ని?" నేను అటువైపు నుంచి ఎప్పుడూ ఆలోచించలేదు. కూర్చుని లెక్క తీస్తే దాదాపు అన్నీ పనిచేస్తాయి. పాత పద్ధతికి బదులు కొత్త పద్ధతిని గ్రేడిల్ ముందే తెచ్చి పెడుతుంది. పాతదాన్ని కొన్నాళ్లు హెచ్చరికలతో ఉంచి, తరువాతి పెద్ద వెర్షన్‌లో తీసేస్తుంది. అంటే కొత్త పద్ధతిని ఈ రోజే, పాత వెర్షన్ మీద ఉండగానే రాసుకోవచ్చు. మెయిన్ బ్రాంచ్‌లోనే, రోజుకొక చిన్న ముక్కగా, ఎవరి పనీ ఆగకుండా. అన్నీ అయ్యాక చివర్లో మారేది ప్రాపర్టీస్ ఫైల్‌లో ఆ ఒక్క లైను.

ఎక్కడ ఆగుతూ వెళ్లాలో గ్రేడిల్ వాళ్లే చెబుతారు. ఉన్న పెద్ద వెర్షన్‌లో చివరి చిన్న వెర్షన్‌కి ముందు వెళ్లాలి. అక్కడ హెచ్చరికలన్నీ తీర్చుకుని అప్పుడు తరువాతి పెద్ద వెర్షన్‌లోకి అడుగుపెట్టాలి. మాకది 6.3 నుంచి 6.9, అక్కడి నుంచి 7.6, ఆ పైన 8.8. హెచ్చరికలన్నీ పూర్తిగా చూపించమని ఒక ఆప్షన్ ఉంటుంది. 6.9లో అది పెట్టి నడిపితే వందకి పైగా వచ్చాయి. వాటిని నోట్‌బుక్‌లో రకాలవారీగా రాసుకుంటే తొమ్మిది రకాలు తేలాయి. వంద అంటే భయం వేసింది కానీ, తొమ్మిది అనేసరికి చేసేయొచ్చు అనిపించింది.

అన్నిట్లోకీ పెద్దది "కంపైల్" అన్న మాట. లైబ్రరీలను చేర్చడానికి పాత బిల్డ్ ఫైళ్లన్నీ వాడేది ఆ మాటే. 7.0లో దాన్ని తీసేశారు. బదులుగా "ఇంప్లిమెంటేషన్" అని రాయాలి. మాట మార్చేస్తే అయిపోతుందనుకునే వాళ్లు ఇక్కడ దెబ్బతింటారు. కంపైల్ కింద చేర్చిన లైబ్రరీ, ఆ మాడ్యూల్‌ని వాడుకునే పక్క మాడ్యూళ్లకి కూడా చెప్పకుండానే అందిపోయేది. ఇంప్లిమెంటేషన్ అలా పోనివ్వదు. మా కామన్ మాడ్యూల్‌లో ఉన్న 30 లైబ్రరీలని మిగతా 13 మాడ్యూళ్లూ ఇన్నాళ్లూ తమవే అన్నట్టు వాడుకుంటున్నాయి. మాట మార్చగానే అన్నీ ఒకేసారి కూలిపోయాయి.

దీనికి "ఏపీఐ" అని ఇంకో మాట ఉంది. దాంతో పాత పద్ధతిలాగే పక్కవాళ్లకీ అందుతుంది. హైదరాబాద్ టీమ్ అన్నిచోట్లా ఏపీఐ పెట్టేద్దాం, ఒక్క రోజులో తేలిపోతుంది అంది. నేను ఒప్పుకోలేదు. కామన్‌లోని మెథడ్ (కోడ్‌లో ఒక పని చేసే ముక్క) ఒకటి ఫలానా లైబ్రరీలోని డేటా రకాన్ని బయటికి ఇస్తుంటే దానికి ఏపీఐ పెట్టాలి, లోపల వాడుకుని వదిలేస్తే ఇంప్లిమెంటేషన్ చాలు. ఒక్కొక్కటీ తెరిచి చూశాం. 30లో ఏపీఐ అవసరమైనవి ఏడు. మిగిలినవాటిని ఎవరికి కావాలో వాళ్ల బిల్డ్ ఫైల్‌లో వాళ్లే రాసుకున్నారు. రెండు వారాలు పట్టింది. నాకు ఇప్పటికీ ఆ రెండు వారాలు దండగ అనిపించదు. కామన్‌లో చిన్న మార్పు చేస్తే ఇదివరకు 13 మాడ్యూళ్లూ మళ్లీ కంపైల్ అయ్యేవి. ఇప్పుడు చాలాసార్లు మూడో నాలుగో అవుతున్నాయి.

మిగతావి త్వరగానే నడిచాయి. మా సొంత లైబ్రరీలు పెట్టుకునే సర్వర్ అడ్రసు హెచ్‌టీటీపీతో ఉంది. 7.0 నుంచి అది కుదరదు, భద్రత లేని అడ్రసైనా ఫర్వాలేదని విడిగా రాసి ఇస్తేనే ఒప్పుకుంటుంది. ఆ రాత రాయకుండా సర్వర్‌కి భద్రత సర్టిఫికెట్ పెట్టించాం. జేసెంటర్ అని లైబ్రరీలు దొరికే సైట్ నుంచి తెచ్చుకుంటున్న పాత ప్లగిన్ (గ్రేడిల్‌కి అదనపు పని నేర్పే ముక్క) ఒకటుంది. జేసెంటర్‌ని మూసేస్తున్నామని 2021 ఫిబ్రవరిలోనే ప్రకటించారు. మా బిల్డ్ ఫైల్‌లో మాత్రం ఆ పేరు అలాగే ఉంది. ఆ ప్లగిన్ చేసే పనికి బిల్డ్‌లోనే 20 లైన్ల టాస్క్ (గ్రేడిల్ చేసే ఒక పని) రాసుకుంటే సరిపోయింది.

ఇప్పుడు చెప్పేది నేను మర్చిపోలేని విషయం.

లేబుళ్లు ముద్రించే సర్వీసు కోసం అన్ని మాడ్యూళ్ల సెట్టింగ్ ఫైళ్లనీ ఒకే ఫోల్డర్‌లోకి కాపీ చేసే టాస్క్ ఒకటి మా బిల్డ్‌లో ఉంది. అందులో ఒకే పేరుతో రెండు ఫైళ్లు వస్తున్నాయని, ఏం చేయాలో చెప్పకపోతే 7.0లో బిల్డ్ ఆగిపోతుందని 6.9 హెచ్చరించింది. నేను నెట్‌లో చూసి, డూప్లికేట్ వస్తే "ఎక్స్‌క్లూడ్" అని రాశాను. బిల్డ్ పచ్చగా వచ్చింది. టెస్టులన్నీ పాసయ్యాయి. మెర్జ్ చేశాను. మధ్యాహ్నానికల్లా టెస్ట్ సర్వర్ మీదకి వెళ్లిపోయింది.

సాయంత్రం నాలుగింటికి టెస్టింగ్ మేడమ్ ఒక లేబుల్ ప్రింటు పట్టుకుని వచ్చారు. ఆవిడది భీమిలి. వాళ్ల నాన్నగారు రొయ్యల వ్యాపారం చేసేవారు. ప్రింటు నా ముందు పెట్టి వేలితో చూపించారు. కౌంట్ (అంత తూకానికి ఎన్ని రొయ్యలు వస్తాయో) 21/25, దాని పక్కన "కిలోకి" అని ఉంది.

"కిలోకి 21 అంటే ఒక్కో రొయ్య 47 గ్రాములు ఉండాలి బాబూ. ఈ లాట్ సరుకు అంత సైజు కాదు. ఇది పౌనుకి కదా?"

సంగతేమిటంటే, మన రైతుల దగ్గర కొనేటప్పుడు కౌంట్‌ని కిలోకి చెబుతారు. అమెరికాకి వెళ్లే పెట్టె మీద పౌనుకి ఎన్నో రాస్తారు. పౌను అంటే సుమారు 453 గ్రాములు. పౌనుకి 21 నుంచి 25 అంటే ఒక్కోటి 20 గ్రాములు అటూ ఇటూ. కొనుగోలు మాడ్యూల్‌లో యూనిట్ల ఫైల్ ఒకటి ఉంది, అందులో కిలో అని ఉంటుంది. ఎగుమతి మాడ్యూల్‌లో అదే పేరుతో ఇంకొకటి ఉంది, అందులో పౌను అని ఉంటుంది. పాత బిల్డ్‌లో కొనుగోలు ఫైల్ ముందు కాపీ అయ్యేది, తరువాత ఎగుమతి ఫైల్ వచ్చి దాని మీద పడేది. చివరికి మిగిలేది పౌను. ఎవరూ కావాలని అలా పెట్టలేదు, ఏళ్ల తరబడి అదృష్టం కొద్దీ నడిచింది. ఎక్స్‌క్లూడ్ అంటే ముందు వచ్చినదాన్ని ఉంచి తరువాతిదాన్ని వదిలేయమని. దాంతో కిలో మిగిలింది.

పాత ప్రవర్తన అలాగే ఉండాలంటే రాయాల్సింది "ఇంక్లూడ్". ఆ మాట 6.9 ఇచ్చిన హెచ్చరికలోనే రాసి ఉంది. నేను హెచ్చరికలో మొదటి లైను చదివి మిగతాది వెతుక్కోవడానికి వెళ్లిపోయాను. ఆ లేబుల్ నిజంగా పెట్టె మీద పడి కంటైనర్ వెళ్లిపోయి ఉంటే కస్టమర్‌కి ఎంత నష్టమో తలుచుకుంటే చేతులు చల్లబడ్డాయి.

ఒక్క మేలు జరిగింది. ఆ రోజు మెయిన్‌లోకి వెళ్లిన బిల్డ్ మార్పు అదొక్కటే. కారణం పట్టుకోవడానికి పావుగంట కూడా పట్టలేదు. మొదటి బ్రాంచ్‌లో వంద మార్పులతో పాటు ఇది కూడా వెళ్లి ఉంటే ఎప్పటికి దొరికేదో. మార్పుని వెనక్కి తీశాం. ఇంక్లూడ్ పెట్టి వదిలేయలేదు కూడా. రెండు ఫైళ్లకీ వేర్వేరు పేర్లు పెట్టి, లేబుల్ సర్వీసు తనకి కావాల్సినదాన్ని పేరుతో అడిగేలా రాశాం.

ఆ తరువాత నుంచి బిల్డ్ పచ్చగా రావడం ఒక్కటే మాకు చాలలేదు. ప్రతి బిల్డ్ మార్పుకీ ముందు తయారైన ఫైల్, తరువాత తయారైన ఫైల్ రెండింటినీ విప్పి, లోపలి ఫైళ్ల పేర్లు, చెక్‌సమ్‌లు (ఫైల్‌లో ఏది మారినా మారిపోయే గుర్తు నంబర్లు) పోల్చే స్క్రిప్టు రాశాను. జార్‌లో ఫైళ్ల సమయాలు, వరుస ప్రతిసారీ మారుతుంటే పోల్చడం కుదరదు. ఆ రెండూ మారకుండా ఉంచే సెట్టింగులు గ్రేడిల్‌లోనే ఉన్నాయి, అవి పెట్టాం. బిల్డ్ ఫైల్ మార్చినప్పుడు తేడా ఏమీ రాకూడదు, వస్తే ఎందుకొచ్చిందో రివ్యూలో రాయాలి అన్నది నియమం. దీంతో పాటు జెంకిన్స్‌లో రాత్రిపూట నడిచే జాబ్ ఒకటి పెట్టాం. మెయిన్‌లో ఉన్న కోడ్‌ని తీసుకుని, రాపర్ వెర్షన్‌ని తనే తరువాతి మెట్టుకి మార్చుకుని బిల్డ్ చేసి చూస్తుంది. పొద్దున్న వచ్చేసరికి కొత్త వెర్షన్‌కి ఇంకా ఎంత దూరంలో ఉన్నామో కనిపించేది.

జూలై చివర్లో 6.9కి, ఆగస్టు మూడో వారంలో 7.6కి వెళ్లాం. 8లో కొంచెం పని మిగిలింది. ఒక టాస్క్ తయారుచేసిన ఫైల్‌ని ఇంకో టాస్క్ వాడుకుంటూ, ఆ సంగతి ఎక్కడా చెప్పకపోతే 8.0 ఒప్పుకోదు. మాకు అలాంటివి ఆరు బయటపడ్డాయి. ఒక్కోసారి బిల్డ్ పడిపోయి, మళ్లీ నడిపితే పాసయ్యే జబ్బు మాకు చాలాకాలం నుంచి ఉంది. ఈ ఆరూ సరిచేశాక అది మళ్లీ రాలేదు.

జావా సంగతి టూల్‌చెయిన్‌తో తేలింది. ఇద్దరు కస్టమర్ల సర్వర్లలో ఇంకా జావా 11 ఉంది, కాబట్టి కోడ్ 11కే కంపైల్ అవ్వాలి. బిల్డ్ ఫైల్‌లో టూల్‌చెయిన్ 11 అని రాస్తే, గ్రేడిల్ 17 మీద నడుస్తూనే కోడ్‌ని 11తో కంపైల్ చేస్తుంది. మెషిన్‌లో 11 లేకపోతే దించుకుంటుంది కూడా. కాకపోతే ఎక్కడి నుంచి దించుకోవాలో చెప్పే ప్లగిన్‌ని సెట్టింగ్స్ ఫైల్‌లో పెట్టాలి. 8లో అది లేకపోతే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.

సెప్టెంబర్‌లో వినాయక చవితి అయిన తరువాతి వారం, గురువారం మధ్యాహ్నం మూడింటికి 8.8 ఎక్కించాలనుకున్నాం. శుక్రవారం పెడితే ఏదైనా తేడా వచ్చినప్పుడు శనివారం అందరికీ పాడవుతుంది. అందుకే గురువారం. రెండు రోజుల ముందే అందరికీ చెప్పాం. కొత్త వెర్షన్ వంద ఎంబీ దాటుతుంది, ఇంటి నుంచి మొబైల్ డేటాతో పనిచేసేవాళ్లు ఆఫీసుకి వచ్చినప్పుడే దించుకోమన్నాం. రాపర్ కమాండ్‌ని రెండుసార్లు నడిపాను. మొదటిసారికి ప్రాపర్టీస్ ఫైల్‌లో వెర్షన్ మారుతుంది, రెండోసారి నడిపితేనే రాపర్ జార్, స్క్రిప్టులు కూడా కొత్త వెర్షన్‌వి అవుతాయి. దించిన జిప్ అసలుదేనా అని సరిచూసుకునే చెక్‌సమ్ లైను కూడా పెట్టాం. మెర్జ్ చేశాను. మెయిన్‌లో ఆ రోజు కాన్‌ఫ్లిక్ట్ ఒక్కటి కూడా లేదు.

గంటలో ముగ్గురు వచ్చి ల్యాప్‌టాప్ బరువెక్కిపోయిందన్నారు. గ్రేడిల్ వెనకాల నడుస్తూ ఉండే ప్రోగ్రామ్‌ని డీమన్ అంటారు. పాత వెర్షన్ డీమన్, కొత్త వెర్షన్ డీమన్ రెండూ మెమరీలో కూర్చున్నాయి. ఆపే కమాండ్ ఏ వెర్షన్ నుంచి ఇస్తే ఆ వెర్షన్ డీమన్లనే ఆపుతుంది. పాత బ్రాంచ్‌లోకి వెళ్లి అక్కడి నుంచి ఆపమన్నాను. తగ్గింది. పని లేకుండా మూడు గంటలుంటే డీమన్ తనంతట తనే ఆగిపోతుంది కానీ, 8 జీబీ మెషిన్‌తో అంతసేపు ఎవరు ఆగుతారు?

గాజువాక అబ్బాయి తన ల్యాప్‌టాప్‌లో నేను వేసిన జావా 11ని తీసేశాడు. ప్రాజెక్టుని మొదటి నుంచి క్లోన్ చేసుకుని గ్రేడిల్‌డబ్ల్యు బిల్డ్ అని కొట్టాడు. కింద క్యాంటీన్‌కి వెళ్లి టీ తాగొచ్చాం. వచ్చేసరికి ఆకుపచ్చ అక్షరాలు కనిపించాయి. తను ఏమీ అనలేదు, స్క్రీన్ ఫోటో తీసుకున్నాడు.

రాత్రి జాబ్ ఇప్పటికీ నడుస్తోంది. 2025 జూలైలో గ్రేడిల్ 9 వచ్చింది. అది నడవడానికి కనీసం జావా 17 కావాలి. మాకా ఇబ్బంది లేదు, ల్యాప్‌టాప్‌లన్నీ 17కి మారిపోయాయి. నిన్న పొద్దున్న జాబ్ నాలుగు రకాల హెచ్చరికలు చూపించింది. ఒకటి హైదరాబాద్ వాళ్లు, ఒకటి నేను తీసుకున్నాం. మిగతా రెండింటి పక్కన ఆ అబ్బాయి తన పేరు రాసుకున్నాడు.